ఐదు రోజుల నొప్పి

మా ల్యాబ్‌కి వారానికి నాలుగైదు అపెండిక్సులు వస్తాయి. చిటికెన వేలంత పేగు తోక, ఫార్మలిన్ సీసాలో మునిగి ఉంటుంది. సీసాతో పాటు ఒక కాగితం వస్తుంది. రోగి పేరు, వయసు, నొప్పి ఎన్నాళ్ల నుంచి ఉందో, అన్నీ సర్జన్ గారి కోడికెలుకుడు రాతలో ఉంటాయి. ఇరవై ఆరేళ్లుగా ఆ ముక్కల్ని కోస్తున్నాను. ఇంతవరకూ ఏ ముక్కా నాకు అబద్ధం చెప్పలేదు. కాగితాలు మాత్రం చాలాసార్లు చెప్పాయి, ఎందుకంటే వాటిలో రాయించేది మనుషులు.

నా పేరు గంగాభవాని. మా నాన్న స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికని కృష్ణా జిల్లా నుంచి వచ్చి గాజువాకలో ఇల్లు కట్టుకున్నాడు. నేను ఇక్కడే పెరిగి, ఇక్కడే ల్యాబ్ టెక్నీషియన్నయి, ఇక్కడే నోరున్న మనిషినని పేరు తెచ్చుకున్నాను. ఇప్పుడు రాస్తున్నది నా కథ కాదు. నా దగ్గర పని నేర్చుకున్న ధనశ్రీది, ఆమె తండ్రిది.

ధనశ్రీ తొమ్మిదేళ్ల కిందట మా దగ్గర చేరింది. ఫిషింగ్ హార్బర్ పక్కనున్న పేటలో పుట్టిన పిల్ల. మొదటి రోజే మైక్రోటోమ్ ముందు కూర్చోబెట్టాను. మైనంలో బిగించిన కండ ముక్కను ఉల్లిపొర కంటే పల్చగా కోసే యంత్రం అది. ఆ పొరను చిరగకుండా, ముడత పడకుండా గోరువెచ్చటి నీళ్ల మీదికి దించి, గాజు పలక మీదికి ఎత్తుకోవాలి. అది కుదరక ఏడ్చినవాళ్లని చాలామందిని చూశాను. నేనూ ఏడ్చాను. ఈ పిల్ల పదిరోజుల్లో పట్టేసింది. ఎలా పట్టావే అని అడిగితే, చేప కోసినట్టే అక్కా, కత్తికి దారివ్వాలి గానీ తొయ్యకూడదు అంది. ఇన్నేళ్ల నా విద్యను కత్తిపీటతో సమానం చేసిందని ఆ రోజు నాకు ఒళ్లు మండింది. వారం తిరక్కుండా నేనూ ఆమె పద్ధతిలోనే కోయడం మొదలుపెట్టాను.

ఆమె తండ్రి ఎల్లారావు మరబోటు డ్రైవరు. భార్య పోయేనాటికి కూతురికి ఆరేళ్లు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. వేటకి పోయిన పది పన్నెండు రోజులూ పిల్లని చెల్లెలు గంగాలమ్మ ఇంట్లో ఉంచేవాడు, ఒడ్డుకి రాగానే భుజానికెత్తుకుని తెచ్చుకునేవాడు. పేటలో ఆ ఈడు పిల్లలు పదో తరగతితో ఆపేసి చేపల బుట్ట పట్టుకుంటుంటే, ఈయన కూతుర్ని ల్యాబ్ డిప్లొమాలో చేర్పించాడు. ఎవరేమన్నా వినలేదు. బోటు ఒడ్డుకి చేరిన ప్రతిసారీ మా ల్యాబ్ మెట్ల దగ్గర ప్రత్యక్షమయ్యేవాడు, చేతిలో కోనాం ముక్కలో చందువలో ఉన్న సంచితో. లోపలికి రమ్మంటే రాడు, నీచు వాసనొస్తానమ్మా అనేవాడు. పొద్దస్తమానం ఫార్మలిన్ కంపులో బతికే మాకు ఆయన వాసన ఒక లెక్కా?

ఒకసారి చేయి పట్టుకుని లోపలికి లాక్కొచ్చాను. కూతురు తయారుచేసిన స్లైడు మైక్రోస్కోప్ కింద పెట్టి చూపించాను. గులాబీ రంగు కండ, దాని నిండా నీలం చుక్కలు. ఆయన చాలాసేపు కన్ను తియ్యలేదు. ఇది నా పిల్ల కోసిందేనా అని అడిగి, అవునంటే తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మా నాన్న చదువుకున్నవాడే, కానీ నేనేం పని చేస్తానో ఆయనకి ఈ రోజుకీ సరిగ్గా తెలియదు. ధనశ్రీని చూస్తే నాకు అప్పుడప్పుడూ కుళ్లుగా ఉండేది, చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

గంగాలమ్మ కొడుకు వాసుకే ధనశ్రీనిచ్చి చేశారు. మేనరికం, ఒకే కంచంలో తిని పెరిగినవాళ్లు. వాసు మేనమామ బోటు మీదే కళాసీ. వల లాగడం, చేప ఏరడం, ఐసులో సర్దడం అతని పని. మనిషి చలాకీ, మాటకారి. ఎప్పటికైనా డ్రైవరు కావాలని ఆశ. ఆశ తప్పని ఎవరంటారు?

ఏటా ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం. అది ఎత్తేసిన రోజున బయల్దేరే వేటని వాళ్లు తొలివేట అంటారు. రెండు నెలలు వల పడని సముద్రం కాబట్టి రొయ్య విరగబడుతుంది. ఆ వేటలో ఐసు గది నిండకుండా బోటు వెనక్కి తిప్పడం వాళ్ల పేటలో సముద్రపు తల్లి గంగమ్మకి పెద్ద అపచారం. ఎవరి మూలంగా తిప్పాల్సి వచ్చిందో ఆ మనిషిది అచ్చిరాని కాలు అయిపోతుంది. జ్వరమొచ్చి తిప్పించినా సరే, కాలు విరిగి తిప్పించినా సరే, ఆ ఏడాది ఏ బోటూ అతన్ని ఎక్కించుకోదు. ధనశ్రీ ఈ సంగతి చెప్పినప్పుడు నేను నవ్వి, మీ గంగమ్మ తల్లి కంటే మా ఆసుపత్రి సూపరింటెండెంటు నయం, జ్వరమొస్తే సెలవిస్తాడు అన్నాను.

కిందటేడు తొలివేటకి ఎల్లారావు బోటు ఎనిమిది మందితో వెళ్లింది. ఎనిమిదో రోజు పొద్దున్నే తిరిగొచ్చింది. వాసుని ఇద్దరు మోసుకుని దించారు. కడుపు చెక్కలా బిగుసుకుపోయింది, ఒళ్లు కాలిపోతోంది. నేరుగా మా ఆసుపత్రికే తెచ్చారు. ఎన్ని రోజుల నుంచి నొప్పి అని క్యాజువాలిటీ డాక్టరు అడిగాడు.

"నిన్నట్నుంచే బాబూ," అన్నాడు ఎల్లారావు.

వాసు కళ్లు మూసుకునే అవునని తలూపాడు. ధనశ్రీ అక్కడే ఉంది, నేనూ ఉన్నాను.

ఒక్కరోజు నొప్పే కదా అని చిన్న కోతతో పోదామనుకున్న సర్జన్‌కి లోపల కడుపంతా చీము కనిపించింది. పెద్దగా కోసి, కడిగి, గొట్టాలు అమర్చేసరికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ ఎల్లారావు వరండాలో నిలబడే ఉన్నాడు. తండ్రి వెంటనే బోటు తిప్పబట్టే మనిషి దక్కాడని ధనశ్రీ పలకరించడానికి వచ్చిన వాళ్లందరికీ చెప్పింది. తొలివేట అని కూడా చూడలేదు మా నాన అని చెబుతూ ఏడ్చింది.

మర్నాడు సీసా మా బల్ల మీదికి వచ్చింది. వాసు, ముప్ఫై ఒక్క ఏళ్లు, నొప్పి ఒక రోజు. నేను కోస్తాను, నువ్వు బయటికి వెళ్లు అన్నాను. వినలేదు. ఊళ్లో వాళ్లందరివీ కోశాను, మా ఆయనది కోయలేనా అంది.

మామూలు అపెండిక్సు లేత గులాబీ రంగులో నున్నగా మెరుస్తుంది. ఇది ఉబ్బిపోయి, నలుపూ పసరురంగూ కలిసి, కొస దగ్గర చిల్లు పడి ఉంది. పైన చీము పెచ్చు కట్టింది. కడుపులోని కొవ్వు పొర వచ్చి ఆ చిల్లుకి అతుక్కుపోయింది. కోసి చూస్తే మొదలు దగ్గర శనగగింజంత గట్టి ఉండ ఒకటి అడ్డంగా ఇరుక్కుని ఉంది. మలం ఎండి రాయిలా అయినది. చాలామందిలో రోగం మొదలయ్యేది అక్కడే. కొందరిలో నులిపురుగులు అడ్డం పడతాయి, పిల్లల్లో ఏదో వైరస్ సోకి పేగు గోడలోని గ్రంథులు వాచి దారి మూసుకుంటుంది, ఎప్పుడో ఒకసారి క్షయ కూడా కనిపిస్తుంది. దారి మూసుకున్నాక లోపల ఊరిన నీరు బయటికి పోలేదు. అప్పుడు విజృంభించేవి ఎక్కడి నుంచో వచ్చిన శత్రువులు కావు. పుట్టిన దగ్గర్నుంచి మన పేగులోనే తిని పడుకునే సూక్ష్మజీవులు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అవి గోడను తొలిచి కండలోకి దిగాక గానీ ఒంటికి తెలియదు. వాసు చీములో పెరిగినవి కూడా అవే, ఈ-కొలై, దాని తోటివి ఇంకో రెండు.

రెండు రోజుల తర్వాత స్లైడు తయారైంది. మా పెథాలజిస్టు డాక్టర్ ఆశాజ్యోతి నెమ్మదైన మనిషి, గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు. ఆ రోజు మా ఇద్దర్నీ పిలిచి, ఈ కాగితంలో ఒక రోజు అని ఎవరు చెప్పారు అని అడిగింది. ధనశ్రీ, మా నాన్న అంది.

ఆశాజ్యోతి మైక్రోస్కోప్‌లో చూపిస్తూ విడమరిచింది. మొదటి రోజు లోపలి పొర పుండు పడుతుంది. రోగంతో కొట్లాడే తెల్ల కణాలు గుంపులుగా కండలోకి దిగుతాయి. తర్వాత చిన్న రక్తనాళాలు గడ్డకట్టి, నెత్తురందక గోడ చచ్చిపోయి చిల్లు పడుతుంది. ఇక్కడ అవన్నీ ఎప్పుడో అయిపోయాయి. చిల్లు అంచున కొత్త రక్తనాళాలు మొలిచాయి, పీచు అల్లే కణాలు వరుస కట్టాయి. పుండు మానేముందు పుట్టే లేత కండ ఇది. ఒళ్లు తనను తాను అతుక్కోవడం మొదలుపెట్టిందన్నమాట.

"ఇది ఒక్కరోజులో తయారయ్యేది కాదమ్మా," అంది ఆశాజ్యోతి. "చిల్లు పడే మూడు రోజులైంది. నొప్పి మొదలై ఐదు రోజులకి తక్కువ ఉండదు."

ధనశ్రీ కుర్చీలోంచి లేవలేదు. బోటు తిరిగొచ్చింది ఎనిమిదో రోజు. అంటే నొప్పి మూడో రోజునే వచ్చింది. మిగతా ఐదు రోజులూ తన మొగుడు ఆ బోటు మీద మెలికలు తిరుగుతుంటే తన తండ్రి రొయ్యలు పట్టాడు. అంతకంటే ఇంకేం అర్థం చేసుకుంటుంది? నాకూ అదే అర్థమైంది. ఆయన తెచ్చిన చేపలన్నీ ఎలా తిన్నానా అనిపించింది.

ఆ సాయంత్రం వార్డులో, వాసు మంచం పక్కనే, తండ్రిని నిలదీసింది.

"నాన, నొప్పెప్పుడొచ్చింది?"

"సెప్పినాను గదమ్మా. ముందునాడే."

"ఐదు రోజులైంది. నాను కల్లారా సూసినాను."

ఎల్లారావు వాసు వైపు చూశాడు. వాసు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "నువ్వు సూసినాక మరి నన్నెందుకడగతన్నావు," అని ఎల్లారావు బయటికి వెళ్లిపోయాడు. ఆ చూపు దొరికిపోయిన దొంగ చూపనుకున్నాను నేను. ఇరవై ఆరేళ్లుగా చచ్చిన కండను చూసి రోగం పోల్చే కళ్లు నావి. బతికున్న మనిషి మొహం చూసి ఏమీ పోల్చలేకపోయాయి.

తర్వాత వాసుని అడిగితే నీరసంగా నవ్వి, మావనేమీ అనొద్దు, రొయ్య అలా పడుతుంటే ఏ డ్రైవరు మాత్రం తిప్పుతాడు అన్నాడు. బొడ్డు జారిందని మామే ఆముదం రాసి కడుపు తోమాడని, తోమాక నొప్పి పోయిందని కూడా చెప్పాడు. బొడ్డు జారిందనడం, ఆముదంతో తోమడం వాళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. వాచి బిగుసుకున్న అపెండిక్సు మీద చేత్తో అదిమి తోమితే ఏమవుతుంది? పగులుతుంది. పగలగానే లోపలి బిగువు తగ్గి కాసేపు నొప్పి పోయినట్టుంటుంది. అంతలో చీము కడుపంతా పాకుతుంది. ఇంత జరిగినా మామని ఒక్క మాట అనని వాసు మంచితనం చూసి, మాకు ఎల్లారావు మీద కోపం రెట్టింపయ్యింది.

నెల తర్వాత హార్బరులో పెద్దలు కూర్చున్నారు. కూర్చోబెట్టింది గంగాలమ్మ. కొడుకుని చంపబోయిన అన్నని ఊరికే వదలనంది. వేలం షెడ్డు పక్కన బెంచీలు వేశారు. బోటు ఓనరు సన్యాసిరాజు నడుమ కూర్చున్నాడు. వాసు కడుపు మీద దిండు అదుముకుని కుర్చీలో కూర్చున్నాడు. రిపోర్టు ఫైలు పట్టుకుని ధనశ్రీ వెనకాల నేను నిలబడ్డాను. పిలవని పేరంటమని తెలుసు, అయినా వెళ్లాను.

ఎల్లారావుని అడిగారు. ఒక్కరోజే అన్నాడు. మిగిలిన ఆరుగురు కళాసీల్నీ అడిగారు. డ్రైవరు మాటే మా మాట అని వాళ్లు నేల చూపులు చూశారు. బోటు మీద జరిగింది ఒడ్డున డ్రైవరు నోటి నుంచే రావాలి, కళాసీలు ఎదురు చెప్పకూడదు. అది అక్కడి కట్టు. అప్పుడు ధనశ్రీ ఫైలు తెరిచింది. ఇంగ్లీషులో ఉన్నది చదివి, మళ్లీ తన మాటల్లో చెప్పింది.

"ఈ పేగుకి సిల్లడి మూడ్రోజులైంది. నొప్పొచ్చి ఐదు రోజులైంది. నా సేతుల్తో నానే కోసినాను. మా నాన అబద్దం సెప్తన్నాడు."

కూతురి మాటకి నీ జవాబేమిటని సన్యాసిరాజు ఎల్లారావుని అడిగాడు.

"నా కూతురు సదివింది తప్పవదు," అన్నాడు ఎల్లారావు. "నా మాట మట్టుకు అదే."

మనిషి ప్రాణం విషయంలో అబద్ధమాడినవాడికి నా బోటివ్వనని సన్యాసిరాజు తేల్చేశాడు. ఎల్లారావు మొలతాడుకి కట్టుకున్న బోటు తాళంచెవి విప్పి బెంచీ మీద పెట్టాడు. ముడి గట్టిగా ఉన్నట్టుంది, విప్పడానికి చాలాసేపు పట్టింది. పాతికేళ్లు డ్రైవరుగా చేసిన మనిషి తువ్వాలు భుజాన వేసుకుని నడిచి వెళ్లిపోయాడు. నేను ఇంటికెళ్లి, నిజం గెలిచిందని మా ఆయనకి వర్ణించి చెప్పి, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఆ తర్వాత ధనశ్రీ తండ్రితో మాట్లాడటం మానేసింది. ఒకసారి మెట్ల దగ్గర చేపల సంచి కనిపించింది. ఆయన కనిపించలేదు. అటెండరు చేత సంచి హార్బరుకి తిప్పి పంపించేసింది. మంచి పని చేశావన్నాను.

మూడు నెలలు బరువులెత్తకూడదని వాసుకి డాక్టర్లు చెప్పారు. వల లాగలేడు, కానీ చుక్కాని పట్టుకోగలడు కదా. పైగా డ్రైవరు చేతిలో చావు దాకా పోయొచ్చినవాడని అందరికీ జాలి. తొలివేట తిప్పిన అపచారం కూడా ఎల్లారావు లెక్కలోకే పోయింది. సెప్టెంబరులో సన్యాసిరాజు ఆ బోటు వాసుకే ఇచ్చాడు. ధనశ్రీ ల్యాబ్‌లో అందరికీ లడ్డూలు పంచింది. నేను రెండు తిన్నాను.

నవంబరులో కోటి మా ల్యాబ్‌కి వచ్చాడు. ఆ బోటు మీద వంట చేసేవాడు, నలభై దాటిన మనిషి. భార్య మెడ మీద గడ్డ తీశారు, దాని రిపోర్టు కోసం వచ్చాడు. ధనశ్రీ నా పక్కనే బల్ల మీద స్లైడ్లకి రంగు వేస్తోంది. రిపోర్టు చేతికిచ్చి, గడ్డలో భయపడాల్సిందేమీ లేదని చెప్పాను. అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? మీ పాత డ్రైవరు ఎలా ఉన్నాడు, ఐదు రోజుల్ని ఒక రోజు చేసిన మహానుభావుడు అని ఎత్తిపొడిచాను.

కోటి ధనశ్రీ వైపు చూశాడు. వాసు తనని పోయిన నెలే బోటు దించేశాడని, ఇప్పుడు తనకి ఏ డ్రైవరూ లేడని, కాబట్టి చెబితే కట్టు తప్పినట్టు కాదని అన్నాడు. అని, చెప్పాడు.

"ఎల్లారావు మావ నొప్పొచ్చిన రెండోనాడే బోటు తిప్పబోయినాడమ్మా. వాసే కాల్లట్టుకున్నాడు. తొలివేట తిప్పితే నన్నెవుడూ ఎక్కించుకోడు, జన్మలో డ్రైవర్నవను, తిప్పితే సంద్రంలో దూకేత్తానన్నాడు. కడుపు తోమమన్నాడూ ఆడే. ఒడ్డున ఎవులికీ సెప్పొద్దని, ముక్కెంగా ధనకి సెప్పొద్దని, గంగమ్మ మీద మావ సేత ఒట్టేయించుకున్నాడు."

తోమాక నొప్పి పోయిందని వాసు లేచి కూర్చుని గంజి తాగాడట, పాట కూడా పాడాడట. అందరూ గండం గడిచిందనుకున్నారు. రెండు రోజుల తర్వాత జ్వరమొచ్చి కడుపు బిగుసుకుంటే అప్పుడు ఎల్లారావు ఎవరి మాటా వినకుండా తిప్పేశాడు. ఇదంతా చెప్పి కోటి రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ధనశ్రీ చేతిలోని స్లైడు రంగు సీసాలోనే ఉండిపోయి నల్లబడింది. ఆమె చేతిలో ఒక స్లైడు పాడవడం నేను అదే మొదటిసారి చూశాను.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి వాసుని అడిగింది. అతను కాదనలేదట. కనీసం తడబడనైనా లేదట. మర్నాడు నాకు చెబుతున్నప్పుడు ఆమెకి మింగుడు పడనిది అదే.

"నాను నిన్ను సదవమన్నానేటి?" అన్నాడట. "కాయితం సదివింది నువ్వు. మావని దించింది సన్యాసిరాజు. నానేటి సేసినాను?"

నిజమే, అతనేమీ చెయ్యలేదు. దిండు అదుముకుని కూర్చున్నాడు, అంతే. మామ మొలతాడు ముడి విప్పుతుంటే చూస్తూ కూర్చున్నాడు. పెళ్లాం నేర్చుకున్న విద్యతో పెళ్లాం చేతే ఆమె తండ్రిని దింపించి, ఆ కుర్చీలో తను కూర్చున్నాడు. నన్ను మోసం చేసినవాళ్లు నా బతుకులోనూ ఉన్నారు, కానీ ఇంత శుభ్రంగా, చేతికి మట్టంటకుండా చేసినవాడిని నేను చూడలేదు. అతని మంచితనానికి మురిసిపోయిన నా మొహాన్ని అద్దంలో చూసుకోవాలంటే అసహ్యమేసింది.

ఆ వారం వాసు వేటకి బయల్దేరితే ధనశ్రీ జెట్టీ దాకా వెళ్లలేదు. ఆదివారం నన్ను తోడు రమ్మంది. పెద్దల దగ్గరికి వచ్చావు కదా, దీనికీ రా అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఎల్లారావు జెట్టీ చివర నీడలో కూర్చుని చిరిగిన వల బాగుచేస్తున్నాడు. ఎవరి వలో. ఇప్పుడు ఆయన పని అదే. మమ్మల్ని చూసి లేవబోయాడు. ధనశ్రీ ఆయన కాళ్ల దగ్గర చతికిలబడి, కోటి చెప్పినదంతా చెప్పింది. మళ్లీ పెద్దల్ని కూర్చోబెడతాను, అందరి ముందూ నిజం చెబుతాను అంది. ఎల్లారావు వద్దన్నాడు. ఒకసారి తండ్రి మీద చెప్పింది, ఇప్పుడు మొగుడి మీద చెబితే ఆమెనీ, ఆమె కాగితాన్నీ ఇంకెవరూ నమ్మరన్నాడు.

"నాదీ తప్పుందమ్మా," అన్నాడు, వల మీద నుంచి చూపు తియ్యకుండా. "నొప్పి పోయిందని ఆడు నవ్వితే నాకూ పేనం లేచొచ్చింది. పిల్లోడు బతికినాడనా, రొయ్య పడతందనా అంటే, ఇప్పుడు సెప్పలేను. ఆ రెండ్రోజులూ నాను తిప్పలేదు. దానికి బోటు పోతే పోనీ."

మరి నాతోనైనా ఎందుకు చెప్పలేదు అని ధనశ్రీ అడిగింది.

"సెప్తే నీ మొగుడు అబద్దాలకోరు. సెప్పకపోతే నీ నాన అబద్దాలకోరు. నాను పోయేవోన్ని. ఆడితో బతకాల్సింది నువ్వు."

ఆమె ఆయన మోకాలి మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆయన దారం పక్కన పెట్టి ఆమె తల నిమిరాడు. కోపం లేదనుకున్నాను. నిమురుతూనే, ఎవరినీ నిందించనట్టే, మెల్లగా అన్నాడు.

"ఆడి మంచం కాడ అడిగినావు. పెద్దోల్ల మజ్జిన అడిగినావు. నా ఇంటికొచ్చి, నన్నొక్కడినీ కూకోబెట్టి, ఎందుకిలగ సేసినావు నానా అని అడగలేదు. అడిగుంటే ఒట్టు తీసి గట్టు మీదెట్టీసీవోన్ని. రోజూ తలుపు తీసుంచినాను."

ధనశ్రీ తలెత్తి నా వైపు చూసింది. పెద్దలు కూర్చునే ముందు రోజు ఆమె తండ్రి ఇంటికి ఒక్కసారి వెళ్లొస్తానంది. వెళితే ఆయన ఏడుస్తాడు, నువ్వు కరిగిపోతావు, ఏదడిగినా పదిమందిలోనే అడుగు అని ఆమె చేతిలోంచి బ్యాగు లాక్కుని ఆపింది నేను. ఆ సంగతి ఆమె తండ్రికి చెప్పలేదు. నన్ను కూడా ఏమీ అనలేదు, లేచి ఆయన పక్కన కూర్చుని వల రెండో కొస పట్టుకుంది.